ఎర్ర రిబ్బన్ల ముందు ఆగిన లారీలు

నేను పినపాక పోయింది కొట్లాడటానికి. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది. యాత్రలకు పోయినవాళ్ళు దేవుడి కోసం పోయామనో, గాలి మార్పు కోసం పోయామనో రాస్తారు. నాకు డెబ్బై దాటాయి, మోకాళ్ళు మాట వినవు, కల్లూరులో గాలి బాగానే ఉంది. అయినా బయల్దేరాను. కోపం ముసలివాణ్ణి ఎంత దూరమైనా నడిపిస్తుంది.

సంగతి ఏందంటే, మా తమ్ముడి కూతురు మంజుల పినపాక దాటాక అడవి అంచున ఉన్న ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో సోషల్ టీచరు. కాంట్రాక్టు ఉద్యోగం. ఆ బడికీ, దగ్గర్లో బూడిదతో ఇటుకలు చేసే ఒక కంపెనీకీ జోడీ కట్టారట. ప్రతి శనివారం కంపెనీవాళ్ళు వచ్చి పిల్లలకు పౌరసత్వం పాఠం చెబుతారట. ఓటు, పన్ను, గ్రామసభ, కూలి చట్టం, పనిచోట జాగ్రత్త, అన్నీ. నెలకోసారి కంపెనీ బస్సులో తీసుకుపోయి పని ఎట్లా జరుగుతుందో చూపిస్తారట. మంజుల మురిసిపోతూ ఫోటో పంపింది. పిల్లలందరి నెత్తిన పసుపుపచ్చ టోపీలు, ప్రతి టోపీ మీదా కంపెనీ ముద్ర.

నాకు ఒళ్ళు మండింది. నేను బడికి పోయింది రెండో తరగతి దాకా. మిగతాదంతా ఖమ్మంలో జిన్నింగు మిల్లులో పనిచేస్తూ, పత్తి బేళ్ళ మీద కూర్చుని, టీ కొట్టు పేపర్లూ, కిలోల లెక్కన కొన్న పాత పుస్తకాలూ చదివి నేర్చుకున్నదే. పౌరుడంటే ఎవరో మా ఓనరు నాకు ఎన్నడూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయన మిల్లు అట్లా నడిచేది కాదు. అట్లాంటిది ఒక కంపెనీ పనిగట్టుకుని వచ్చి పిల్లలకు హక్కులు నేర్పుతోందంటే ఎట్లా నమ్మేది? మంజులకు ఫోను చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. అంతా అయ్యాక, "వచ్చి చూసి తిట్టండి పెదనాన్నా. చూడకుండా తిట్టేవాళ్ళు ఇక్కడ కావలసినంత మంది ఉన్నారు" అంది.

పిలిచింది కదా అని ఆ శనివారం పిల్లల ముందు నేనూ నాలుగు మాటలు మాట్లాడతానన్నాను. సరేనంది. కాగితాల మీద రెండు వైపులా రాసుకున్నాను, కంపెనీల గురించి నాకు తెలిసిందంతా.

ఏన్కూరు దాకా నిలబడి

కల్లూరులో బస్సెక్కేసరికి సీటు లేదు. ఆడవాళ్ళకు టికెట్టు లేదు గనక బస్సు నిండా ఆడవాళ్ళే. పత్తి ఏరను పోయే కూలీలు, ఆస్పత్రికి పోయేవాళ్ళు, ఊరికే చెల్లెల్ని చూసి రావడానికి పోయేవాళ్ళు. నా చిన్నప్పుడు మా అమ్మ పుట్టింటికి పోవాలంటే మా నాన్న మూడు నెలలు ఆలోచించేవాడు. ఇప్పుడు ఆధార్ కార్డు చూపించి లేచిపోతున్నారు. నాకది బాగానే ఉంది. నిలబడటం మాత్రం బాగాలేదు.

ఏన్కూరు దగ్గర ఒక పెద్దామె నన్ను చూసి, పక్కన కూర్చున్న తన కోడల్ని మోచేత్తో పొడిచి లేపింది. "కూసో తాతా. నా టికెట్టు ఊకెనే, నీది పైసల్ది. పైసలిచ్చినోడు నిలబడుడు, ఇయ్యనోళ్ళు కూసునుడు ఏం న్యాయం" అంది. కోడలు చిన్నబుచ్చుకుని కంబి పట్టుకుంది. ఎక్కడికని అడిగితే అంతా చెప్పాను. ఆమె తమలపాకు నములుతూ విని, కంపెనీ బస్సిచ్చిందంటే రేపు ఏదో అడుగుతుందనీ, తన ఊళ్ళో విత్తనాల కంపెనీ టీ షర్టులిచ్చి తర్వాత ఏమేం అడిగిందో తనకు తెలుసుననీ చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది. దారంతా మేమిద్దరం కలిసి తిట్టుకుంటూ పోయాం. జూలూరుపాడు ఎప్పుడొచ్చిందో తెలియలేదు.

కొత్తగూడెం బస్టాండు బయట బండి మీద ఇడ్లీ తిన్నాను. ప్లేటు ముప్ఫై రూపాయలు, నాలుగు ఇడ్లీలు, పల్లీ చట్నీ అడిగినంత. మా కల్లూరులో ఆ డబ్బుకు మూడే ఇస్తారు, చట్నీ రెండోసారి అడిగితే మొహం చూస్తారు. ఇక్కడ షిఫ్టు దిగి వచ్చినవాళ్ళు తినే చోటు, చట్నీ దగ్గర పిసినారితనం చేస్తే బండి నడవదు. పక్కన నిలబడి తింటున్నవాళ్ళు డ్యూటీల గురించి, పిల్లల సీట్ల గురించి మాట్లాడుకుంటున్నారు. అయిదుగురు ఉంటే అయిదు జిల్లాల మాట. ఒకరి యాసకు ఇంకొకరు నవ్వరు. బొగ్గు ఊళ్ళలో నాకు నచ్చేది ఇదే.

భద్రాచలంలో గోంగూర

సారపాక దగ్గర వంతెన ఎక్కేసరికి పొద్దు వాలుతోంది. గోదారి నిండుగా లేదు, ఇసుక దిబ్బలు బయటపడి ఉన్నాయి. నేను దిగిన లాడ్జి కింద హోటలు గోడ మీద మనిషి ఎత్తున ఒక గీత గీసి ఉంది. వరద అక్కడిదాకా వచ్చిందట. హోటలాయన ఏ సంగతి చెప్పినా వరదతోనే చెబుతాడు. పెద్దమ్మాయి పెళ్ళి రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన ఏడాది, హోటలు పెట్టింది మూడో హెచ్చరిక దాటిన ఏడాది. మా వైపు కరువులతో లెక్క చెప్పుకున్నట్టు ఇక్కడ నీళ్ళతో చెప్పుకుంటారు. చేపల పులుసుతో భోజనం నూట ఇరవై తీసుకున్నాడు. పులుసులో ముక్క పెద్దదే, కాబట్టి ఏమీ అనలేదు.

గదిలో సంచీ విప్పాక చూశాను. మంజుల కోసం మా ఆవిడ ఇచ్చిన గోంగూర పచ్చడి సీసా మూత వదులై, నూనె కారి, నా ప్రసంగం కాగితాలన్నీ తడిసి ముద్దయ్యాయి. అక్షరాలు అలుక్కుపోయాయి. 'దోపిడీ' అన్న మాట ఒక్కటే ఎట్లాగో మిగిలింది. ఫోనులో మా ఆవిడకు చెబితే, పచ్చడి ఎంత మిగిలిందని అడిగింది తప్ప కాగితాల ఊసు ఎత్తలేదు.

రోడ్డుకు ఇటు హాస్టలు, అటు బడి

మర్నాడు మణుగూరు మీదుగా పినపాక, అక్కడ నుంచి ఆటో. దారికి రెండు వైపులా పత్తి, మిర్చి, ఆపైన టేకు, ఇంకా పైన గుట్టలు. ఆటోలో నాతో కూర్చున్న ఇద్దరు కోయ భాషలో మాట్లాడుకుంటున్నారు. నాకు అర్థం కాలేదు గానీ మిర్చి ధర సంగతే అయి ఉంటుంది. ఆ విసుగు ఏ భాషలోనైనా ఒకటే.

బడికి కిలోమీటరు ముందు నుంచే చెట్లు రంగు మారాయి. ఆకులు ఆకుపచ్చగా లేవు, బూడిద. లారీ ఎదురొస్తే ఆటో పక్కకు దిగి ఆగిపోవాలి. టార్పాలిను కప్పి ఉన్నా వెనక తోకలాగా బూడిద లేస్తుంది. ఆటో అబ్బాయి మొహానికి తువ్వాలు చుట్టుకుని, "కంపెనీ బండ్లు తాతా. కాలువ రోడ్డు ఉంది గాని అది తిరుగుడు. డీజిల్ ఎక్కువైతదని ఇట్లనే కొడ్తరు" అన్నాడు.

బడి ముందు దిగిన నిమిషంలో సంగతి మొత్తం కళ్ళకు కనబడింది. తరగతులు రోడ్డుకు ఒక పక్క, హాస్టలు ఇంకో పక్క. ఆ పిల్లలు తిండికీ, నీళ్ళకూ, నిద్రకూ ఆ రోడ్డు దాటాల్సిందే. అప్పుడే మధ్యాహ్నం గంట కొట్టారు. స్టీలు కంచాలు పట్టుకుని పిల్లలు గుంపుగా వచ్చి రోడ్డు అంచున ఆగారు. అవతల వంటామె ఎల్లమ్మ గరిటె ఊపుతూ, జల్దీ ఉరకండని అరుస్తోంది. లారీకీ లారీకీ మధ్య సందు చూసి పిల్లలు పరిగెత్తారు. కంచాలు మోగాయి. ఆ చప్పుడు నాకు నచ్చలేదు. అన్నం తినడానికి పోయే పిల్లలు అట్లా పరిగెత్తకూడదు.

మంజుల ఎదురొచ్చి సంచీ అందుకుంది. ముందు పచ్చడి సంగతి చెప్పి, వెంటనే టోపీల సంగతి ఎత్తాను. ఆమె నవ్వలేదు. నాలుగో తరగతి పిల్లను ఒకదాన్ని చూపించింది. చేతికి కట్టు. పది రోజుల కింద లారీ అద్దం తగిలి పడిందట. ఆ రోజు నుంచి గూడేల్లో తల్లిదండ్రులు మాట్లాడుకుంటున్నారట, ఆదివారం వచ్చి పిల్లల్ని ఇళ్ళకు తీసుకుపోతామని.

"ఒకసారి ఇంటికి పోతే మళ్ళీ రారు పెదనాన్నా. పత్తి ఏరడానికి పోతారు, తర్వాత మిర్చికి పోతారు, ఇక అంతే" అంది. లారీలను కాలువ రోడ్డుకు మార్చమని కంపెనీని అడిగిందట. చూస్తామన్నారట. మళ్ళీ అడిగితే పైకి చెప్పామన్నారట. ఇప్పుడు ఇంకా గట్టిగా అడుగుదామంటే హెడ్మాస్టరుకు భయం, ఉన్న బస్సు కూడా తీసేసుకుంటారని.

బస్సులో పెద్దామె చెప్పింది ఇదేనని నాకు తోచింది. కంపెనీ ఏమీ అడగలేదు, నిజమే. కానీ బడివాళ్ళు నోరు విప్పకుండా ఆ బస్సే చేస్తోంది. నా ప్రసంగం అక్కరలేకుండానే నోట్లో తయారవుతోంది.

ఆ సాయంత్రం మంజుల నన్ను పక్క గూడేనికి తీసుకుపోయింది. పాలు లేని టీ, బెల్లం వేసి ఇచ్చారు. ఇప్పపువ్వు లడ్డూలు పెట్టారు. నేను రెండు తిని మూడోది జేబులో వేసుకున్నాను. మా ఊళ్ళో చుట్టం వస్తే అందరూ ఒకేసారి మాట్లాడతారు. ఇక్కడ ఒకరు మాట్లాడితే మిగతావాళ్ళు నేల చూస్తూ వింటారు, అది అయ్యాక కాసేపు ఊరుకుంటారు, తర్వాత ఇంకొకరు. మొదట నాతో మాట్లాడటం ఇష్టం లేదేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, అవతలివాడి మాట ఇంకిపోయేదాకా ఆగడం వాళ్ళ మర్యాద. ఆదివారం పిల్లల్ని తీసుకుపోయే మాట కూడా అట్లాగే, నిదానంగా, గట్టిగా చెప్పారు.

శనివారం పాఠం

పాఠం చెప్పడానికి వచ్చినాయన పేరు శ్రీధర్. కంపెనీలో సేఫ్టీ ఆఫీసరు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, వరంగల్ వైపు మనిషి. నేను అనుకున్నట్టు టై కట్టుకుని రాలేదు. చొక్కా భుజాల మీద బూడిద ఉంది. అది నాకు కొంచెం ఇబ్బందే అయింది, తిట్టడానికి టై ఉంటే సులువు.

ఆ రోజు పాఠం 'ఆపే హక్కు'. వాళ్ళ దగ్గర ప్రతి మిషను పక్కనా ఒక ఎర్ర గుడ్డ వేలాడుతుందట. ప్రమాదం కనబడితే ఎవరైనా సరే, నిన్న చేరిన కూలీ అయినా సరే, ఆ గుడ్డ ఎత్తవచ్చు. ఎత్తగానే మిషను ఆగాలి. బండి అయితే డ్రైవరు ఇంజను ఆపి, తాళం తీసి, కిందికి దిగాలి. మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి? గుడ్డ ఎత్తిన మనిషి చూసుకుని 'సరే' అన్నప్పుడే. మేనేజరు చెప్పినా అంతకుముందు కుదరదు. ఎత్తినవాణ్ణి ఒక్క మాట అనకూడదు. "పౌరుడంటే కూడా ఇంతే. తప్పు కనబడితే ఆపేటోడు" అని ముగించాడు.

నాకు మిల్లు గుర్తొచ్చింది. బెల్టు పక్కన పత్తి ఊడుస్తున్న ఒకామె చీర చెంగు చక్రంలోకి పోబోతుంటే నేను పరిగెత్తి స్విచ్చు ఆపాను. ఆమె బతికింది. ఆ పూట ఉత్పత్తి పోయిందని ఓనరు నన్ను నెల రోజులు పనిలోంచి బయట నిలబెట్టాడు. నలభై ఏళ్ళు దాటింది, ఆయన మొహం ఇప్పుడూ చెరగలేదు. అందుకే లేచి నిలబడ్డాను. ఈ రూలు గోడ మీద రాయడానికా, నడపడానికా అని అడిగాను. మీ జీతగాళ్ళకేనా, దారిన పోయేవాడికి కూడానా అని అడిగాను. ఎవరికైనా వర్తిస్తుందని, చూడ్డానికి వచ్చిన చుట్టం అయినా ఎత్తవచ్చని చెప్పాడు. గొంతులో గర్వం ఉంది.

మూడో వరసలో ఒక పిల్ల చెయ్యెత్తింది. తొమ్మిదో తరగతి, పేరు సమ్మక్క. సన్నగా, పొడుగ్గా ఉంది. రెండు జడలకూ ఎర్ర రిబ్బన్లు. ఆ బడిలో అందరికీ అవే రిబ్బన్లు.

"గేటు బయట కూడా ఉంటదా సార్ ఈ రూలు?"

శ్రీధర్ ఆలోచించలేదు. పాఠం బాగా సాగుతున్న ఉత్సాహంలో ఉన్నాడు. "కంపెనీ బండి ఏడుంటే ఆడ మా రూలు ఉంటది" అన్నాడు.

సమ్మక్క కూర్చుంది. మంజుల నావైపు చూసింది, నేను ఆమెవైపు చూశాను. శ్రీధర్ ఒక్కడికే ఇంకా అర్థం కాలేదు. నా వంతు వచ్చింది గానీ, నాకు మాట్లాడబుద్ధి కాలేదు. పాఠం అయిపోయిందన్నాను. నిజానికి అప్పుడే మొదలవుతోంది.

రిబ్బన్లు

మధ్యాహ్నం గంట కొట్టారు. పిల్లలు కంచాలతో వచ్చి రోడ్డు అంచున ఆగారు. ఎల్లమ్మ అవతల నుంచి అరవడం మొదలుపెట్టింది. ఈసారి ఎవరూ పరిగెత్తలేదు. సమ్మక్క జడల రిబ్బన్లు విప్పింది. పక్క పిల్లలు కూడా విప్పి ఇచ్చారు. అన్నీ కలిపి ముడేసి, ఒక చివర తను పట్టుకుని, ఇంకో చివర స్నేహితురాలికి ఇచ్చి, ఇద్దరూ రోడ్డు దిగువన, బండికి అడ్డం పోకుండా, దూరం నుంచి కనబడేట్టు చేతులెత్తి నిలబడ్డారు. పొద్దున శ్రీధర్ చూపించింది అట్లాగే.

వస్తున్న లారీ వేగం తగ్గింది. ఆగింది. ఇంజను చప్పుడు ఆగింది. డ్రైవరు తాళంచెవి పట్టుకుని దిగాడు. సైదులు అని, ఇల్లెందు మనిషి, పొట్ట ఉన్నవాడు. ఆయన రోడ్డునూ, పిల్లల్నీ, టైర్లనూ చూసుకుని ఏమైందని అడిగాడు. ప్రమాదం చూశామని సమ్మక్క చెప్పింది. ఎక్కడని అడిగితే, మీ బండేనంది.

సైదులు గడ్డం గీరుకున్నాడు. తర్వాత తాళంచెవి జేబులో వేసుకుని, టైరు నీడన కూలబడ్డాడు. వెనక బండి వచ్చి ఆగింది. ఆ డ్రైవరు హారన్ కొడుతుంటే సైదులు కూర్చున్నచోటి నుంచే కేకేశాడు. "ఎర్ర గుడ్డ పడ్డదిరా. దిగి తాళం తియ్. ఆ బిడ్డ సరే అనేదాంక నేనైతే కదల. మొన్న గుడ్డ చూసి ఆపలేదని ఒకడి నౌకరీ పోయింది, యాదిలేదా."

వెనక మూడోది, నాలుగోది. వరస మలుపు దాకా పోయింది. పిల్లలు నింపాదిగా రోడ్డు దాటి, అన్నం పెట్టించుకుని, కంచాలతో వచ్చి రోడ్డు పక్కనే కూర్చుని తిన్నారు. సమ్మక్కకూ ఆమె స్నేహితురాలికీ ఎల్లమ్మ ముద్దలు కలిపి నోట్లో పెట్టింది, చేతులు దించే పని లేకుండా. జేబు తడుముకుని ఆ మూడో లడ్డూ నేనూ తిన్నాను.

మేనేజరు, జావ

గూడెం నుంచి మనుషులు వచ్చారు. మా వైపు అయితే ఈపాటికి మైకు వచ్చేది, కుర్చీల కోసం తగాదా వచ్చేది, ఎవరో ఒకరు దండ వేయించుకునేవాళ్ళు. ఇక్కడ వచ్చినవాళ్ళు వచ్చినట్టు రోడ్డుకు రెండు వైపులా కూర్చున్నారు. అరుపు లేదు. ఆడవాళ్ళు కుండతో జావ తెచ్చి ముందు డ్రైవర్లకు పోశారు.

కంపెనీ మేనేజరు జీపులో వచ్చాడు. దిగుతూనే పిల్లల ఆటలకు బండ్లు ఆపుతారా అని డ్రైవర్ల మీద లేచాడు. ఎవరూ లేవలేదు. అప్పుడు నా తెల్ల జుట్టు కనబడింది. దీని వెనక ఎవరో పెద్దమనిషి ఉండాలి కదా. నేరుగా నా దగ్గరికొచ్చి, మీది ఏ యూనియన్ అని అడిగాడు.

ఏ యూనియనూ కాదని, పంతులమ్మకు పెదనాన్ననని చెప్పాను. "మీరు నేర్పిన పాఠమే పిల్లలు అప్పజెబుతున్నారు. విని, బాగుంటే మార్కులు వేయండి" అన్నాను. రెండు వైపులా రాసిన కాగితాల్లో లేని మాట అది. ఆ కాగితాలు పోయినందుకు అప్పుడు బాధ పోయింది.

ఆయన శ్రీధర్ వైపు తిరిగి, బండ్లు తీయమని డ్రైవర్లకు చెప్పమన్నాడు. శ్రీధర్ డ్రైవర్ల వైపు చూశాడు. ఉద్యోగం ఒక పక్క, పొద్దున చెప్పిన మాట ఇంకో పక్క. ఇన్నేళ్ళ నా అనుభవంలో ఇట్లాంటి చోట మనుషులు ఎటు జారతారో నాకు తెలుసు. నేను నేల చూపు చూశాను, ఆ కుర్రాడి ఓటమి చూడటం ఇష్టం లేక.

"నేను చెప్పలేను సార్" అన్నాడు శ్రీధర్. "ఇయ్యాల ఈ పిల్లల కాడ రూలు లేదంటే, రేపు మన మిషన్ కాడ ఏ కూలీ గుడ్డ ఎత్తడు. అప్పుడు ఎవరి చెయ్యో పోతది. డ్రైవర్లందరు ఈడనే ఉన్నరు, చూస్తున్నరు."

నేను తలెత్తాను. ఒక కంపెనీ మనిషిని చూసి నాకు గౌరవం కలగడం అదే మొదలు. రాయకుండా దాటేయవచ్చు గానీ, నిజం రాయాలి.

మేనేజరు గొంతు తగ్గించి, మంజులకు వినబడేట్టు, ఇట్లా అయితే బస్సు ఆపేయాల్సి వస్తుందని, శనివారం పాఠాలు కూడా ఉండవని అన్నాడు. మంజుల నోరు తెరిచే లోపల సమ్మక్క మాట్లాడింది. చేతులు ఇంకా దించలేదు.

"బస్సు తీస్కపోండ్రి సార్. ఈ రోడ్డు దాటనీకి మాకు బస్సెందుకు."

సైదులు జావ మింగుతూ పొలమారి దగ్గాడు. డ్రైవర్లు మొహాలు తిప్పుకుని నవ్వారు. అప్పుడు సమ్మక్క నాయనమ్మ, వంగి నడిచే మనిషి, గిన్నె పట్టుకుని మేనేజరు ముందు నిలబడి కోయలో ఏదో అంది. ఏం తిడుతోందని ఆయన మంజులను అడిగాడు. తిట్టడం లేదు, అన్నం తిన్నావా అని అడుగుతోందని మంజుల చెప్పింది. తినలేదట. గిన్నె అందుకుని బండరాయి మీద కూర్చున్నాడు. జావ తాగినంతసేపూ ఎవరూ మాట్లాడలేదు. ఆ మర్యాద నాకు ముందు రోజే తెలిసింది గనక నేనూ ఊరుకున్నాను. అది నాకు ఎంత కష్టమో కల్లూరులో ఎవరినైనా అడగండి.

తర్వాత ఆయన అసలు సంగతి చెప్పాడు. కాలువ రోడ్డులో తూము దగ్గర నేల మెత్తన, బరువు బండి దిగబడుతుంది. గూడెం పెద్దమనుషులు ఒకరి తర్వాత ఒకరు, నిదానంగా, ఎక్కడ రాయి పోస్తే దిగబడదో చెప్పారు. కంపెనీ రాయి తెచ్చి, కూలి ఇస్తే పని తామే చేస్తామన్నారు. ఆయన పక్కకు పోయి ఫోనులో చాలాసేపు మాట్లాడాడు. చెయ్యి ఊపాడు, తల గోక్కున్నాడు, మలుపు దాకా ఆగి ఉన్న లారీల వైపు చూపించాడు, ఫోను అవతలివాళ్ళకు కనబడుతున్నట్టు. తిరిగొచ్చి, నిండువీ ఖాళీవీ బండ్లన్నీ ఆ తూము పని అయ్యేదాకా ఆగుతాయని, ఆ తర్వాత కాలువ రోడ్డు మీదనే పోతాయని, ఈ రోడ్డున రావని చెప్పాడు.

అందరూ సమ్మక్క వైపు చూశారు. నేనైతే ఆ క్షణమే సరే అనేవాణ్ణి. ఆమె అనలేదు. ముందు బండ్లు వెనక్కి తిరగాలంది.

తిప్పారు. బడి ముందు మైదానంలోకి ఒక్కొక్క లారీ వచ్చి, వెనక్కి తిరిగి, వచ్చిన దారిన పోయింది. పిల్లలు రానీ రానీ అని చేతులూపారు. సైదులు బండి ఆఖరున తిరిగింది. అది మలుపు దాటి, బూడిద అణిగాక, సమ్మక్క చేతులు దించింది.

"సరే" అంది.

ఆదివారం సభ

నోటి మాటలు నీటి మీద రాతలుగా పోవడం నేను చాలాసార్లు చూశాను, అందుకే ఆ రాత్రి గెలిచామని మంజులతో అనలేదు. కానీ పొద్దున పిల్లల్ని తీసుకుపోవడానికి వచ్చిన తల్లిదండ్రులు, వచ్చారు గదా అని, అక్కడే గ్రామసభ పెట్టారు. ఏజెన్సీలో గ్రామసభ మాటకు చట్టంలో బలం ఉంది. ఆ సంగతి పిల్లలకు చెప్పింది కూడా శనివారం పాఠమేనట. కాలువ రోడ్డు సంగతి తీర్మానం చేశారు. మేనేజరు, శ్రీధర్ ఇద్దరూ వచ్చి కింద కూర్చుని సంతకాలు పెట్టారు. బస్సు ఉంటుందా అని హెడ్మాస్టరు అడిగితే, మేనేజరు కాస్త సిగ్గుపడి, ఉంటుందన్నాడు. పాఠాలు కూడా. అయితే వచ్చే పాఠం ఏమిటో తనకు ముందు చెప్పాలన్నాడు. శ్రీధర్ చెప్పనన్నాడు. జనం నవ్వారు, మేనేజరూ నవ్వాడు.

తల్లిదండ్రులు పిల్లలతో కలిసి అన్నం తిని, పిల్లల్ని వదిలి వెళ్ళిపోయారు. ఒక్క పిల్ల కూడా ఇంటికి పోలేదు. టోపీల గురించి మాత్రం నా అభిప్రాయం మారలేదు. ముద్ర లేని టోపీలు ఇవ్వమని శ్రీధర్‌కు గట్టిగానే చెప్పి వచ్చాను.

సోమవారం

పొద్దున ఆటో కోసం బడి ముందు నిలబడ్డాను. రోడ్డు ఖాళీ. దూరంగా కాలువ వైపు ట్రాక్టరులోంచి రాయి దింపుతున్న చప్పుడు. గంట కొట్టారు. టిఫిన్ తిన్న పిల్లలు హాస్టలు నుంచి బడికి వస్తున్నారు. ఎల్లమ్మ అలవాటు చొప్పున గరిటె ఎత్తింది, రెండు వైపులా చూసింది, దించి లోపలికి పోయింది.

పిల్లలు నడిచి వచ్చారు. నడిరోడ్డు మీద ఒక చిన్నపిల్ల చెప్పు ఊడిపోయింది. అక్కడే కూర్చుంది. కాలు చాపి, చెప్పులోంచి రాయి దులిపి, మళ్ళీ తొడుక్కుని, ఎట్లా ఉందో అని కాలు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. పక్కనున్న పిల్ల ఏదో కథ చెబుతూ నిలబడింది. వాళ్ళను లెమ్మని ఎవరూ అరవలేదు.